తెలిసినంత వరకే

పోస్టుమార్టం చేసిన డాక్టరుగా బోనెక్కిన ప్రతివాడికీ అలవాటైన ప్రశ్న ఇది. పబ్లిక్ ప్రాసిక్యూటర్ సీలు విప్పిన కత్తిని చూపించి, ‘ఈ గాయం దీనితో అయ్యే అవకాశం ఉందా?’ అంటారు. గాయం పొడవు, లోతు, అంచుల తీరు సరిపోతే ‘ఉంది’ అంటాను. వెంటనే డిఫెన్స్ లాయరు లేచి, ‘ఇలాంటి మరో కత్తితోనూ కావచ్చు కదా?’ అంటారు. ‘కావచ్చు’. రెండూ నిజాలే. రెండో జవాబు చెప్పేటప్పుడు నా గొంతు తగ్గిందంటే, నేను ఒక పక్షం మనిషినైపోయినట్టే.

మామూలు సాక్షి చూసిందీ విన్నదీ చెబితే చాలు. అభిప్రాయం చెప్పే వీలును 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 45వ సెక్షన్ నిపుణుడికి ఇచ్చింది. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియంలో అది 39వ సెక్షన్. ఆ అభిప్రాయానికి జడ్జిగారు కట్టుబడి ఉండనక్కర్లేదు. అయినా నిపుణుడు అంకె చెబితే కాదనడం కష్టం.

ఇంగ్లండ్‌లో శాలీ క్లార్క్ అనే న్యాయవాదికి పుట్టిన ఇద్దరు మగపిల్లలు వారాల పసికందులుగానే హఠాత్తుగా చనిపోయారు. 1999లో ఆమెపై హత్య కేసు విచారణకు వచ్చింది. ఆమెది లాంటి కుటుంబంలో ఒక శిశువు కారణం తెలియకుండా చనిపోయే అవకాశం 8,543లో ఒకటి, ఇద్దరూ అలా పోయే అవకాశం 7.3 కోట్లలో ఒకటి అని పిల్లల వైద్యుడు రాయ్ మెడో సాక్ష్యమిచ్చారు. మొదటి అంకెను దానితోనే హెచ్చవేస్తే వచ్చిన లెక్క అది. ఒకే తల్లిదండ్రులు, ఒకే ఇల్లు అయినప్పుడు మొదటి మరణానికి కారణమైనదే రెండోదానికీ కారణం కావచ్చన్న ఆలోచన అందులో లేదు. ఆమెకు యావజ్జీవ శిక్ష పడింది. రెండో బిడ్డ శరీరంలో బాక్టీరియా ఉన్నట్టు చూపిన పరీక్ష ఫలితాలను పోస్టుమార్టం చేసిన పాథాలజిస్టు బయటపెట్టలేదని తర్వాత తేలింది. 2003లో శిక్ష రద్దయింది. 2007లో ఆమె చనిపోయింది.

ఒక నిపుణుడు తనది కాని గణాంక శాస్త్రంలో తీర్పరి అయ్యాడు. మరొకరు తన చేతిలో ఉన్నదాన్ని దాచారు. మా వృత్తిలో పాపాలు ఈ రెండే అనిపిస్తుంది నాకు.

తెలిసినదాన్ని మించి చెప్పే ప్రమాదం మరణ సమయం విషయంలోనూ ఉంది. మన ఎండల్లో శవం బిగుసుకోవడం, మళ్లీ సడలడం రెండూ త్వరగానే జరుగుతాయి. అందుకే ‘రాత్రి పదిన్నరకే చనిపోయాడు కదా?’ అని ఎంత గుచ్చి అడిగినా, గంటల వ్యవధి చెప్పి ఊరుకుంటాను. అడిగినవారికి అసహనంగానే ఉంటుంది. కొత్తగా చేరిన డాక్టర్లకు నేను చెప్పేదొకటే: కొలతలు ముందు రాయండి, అభిప్రాయం తర్వాత. పోలీసుల కథకు సరిపడని గాయాన్నీ అంతే వివరంగా రాయండి. మన రిపోర్టు ఎవరికి పనికొస్తుందో తెలియకుండానే రాయగలిగితే, బోనులో ఏ వైపు నుంచి ప్రశ్న వచ్చినా మన జవాబు మారదు.