మర కుదిర్చే చేయి
పాత మారుతి ఓమ్నీలో ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది: 796 సీసీ, అల్యూమినియం హెడ్డు. ఆ మెత్తని లోహంలో 14 మి.మీ. స్పార్క్ ప్లగ్గు త్రెడ్డు పోతే హెలికాయిల్ అనే తీగచుట్ట మర వేస్తారు. ప్లగ్గు విప్పినప్పుడు అదీ ఊడొస్తే, కొత్త హెడ్డు కొనమనేవాళ్లే ఎక్కువ. విజయవాడ ఆటోనగర్‌లో మంచి లేత్ మేస్త్రి అలా అనడు. హెడ్డు దింపి, రంధ్రం పెద్దది చేసి, మర కోసే ట్యాపును నిటారుగా దించుతాడు. సగం చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి, రజను తెగేలా. ఆ ఓపికకు దణ్ణం పెట్టాలి. ట్యాపు వెంట్రుకవాసి ఒరిగినా ప్లగ్గు సమంగా కూర్చోదు, కంప్రెషన్ లీకవుతుంది. తర్వాత లోపలా బయటా మరలున్న ఉక్కు బుష్షు బిగిస్తాడు. దాని కొస సిలిండర్ వైపు పొడుచుకు రాకూడదు. చివరికి ప్లగ్గును వేళ్లతోనే ఎక్కిస్తాడు. పానా ఆ తర్వాతే.