తప్పు చేసిన చేతిలోనే కేసు

చిన్న ఊళ్లో హత్య జరిగితే దర్యాప్తు చేసే మనిషి ముందుగా ఇరుకున పడుతుంది. తలుపు తట్టాల్సిన ప్రతి ఇల్లూ తెలిసిన ఇల్లే. ఒకరితో కలిసి బడికి వెళ్లి ఉంటుంది, ఇంకొకరి పిల్లాణ్ని చిన్నప్పుడు ఎత్తుకుని ఉంటుంది. 2021లో హెచ్‌బీవోలో ఏడు భాగాలుగా వచ్చిన ‘మేర్ ఆఫ్ ఈస్ట్‌టౌన్’ కథంతా ఈ ఇరుకులోంచే పుట్టింది. కథాస్థలం పెన్సిల్వేనియాలో, ఫిలడెల్ఫియా నగరానికి దగ్గర్లోని ఒక చిన్న ఊరు. రాసిన బ్రాడ్ ఇంగెల్స్‌బీ ఆ చుట్టుపక్కల పెరిగినవాడే.

కొమ్మూరి సాంబశివరావు నవలలు చదివి పెరిగిన మనకు డిటెక్టివ్ అంటే యుగంధర్. కేసు వస్తుంది, ముడి విప్పుతాడు; ఆయన ఇంటి గొడవలతో మనకు పనిలేదు. ఆ గొడవల్ని కేసు పక్కన కూర్చోబెట్టిన కథల వరస వేరు. 1991లో బ్రిటన్‌లో లిండా లా ప్లాంట్ రాసిన ‘ప్రైమ్ సస్పెక్ట్’లో హెలెన్ మిరెన్ పోషించిన జేన్ టెన్నిసన్, 2007లో డెన్మార్క్ నుంచి వచ్చిన ‘ది కిల్లింగ్’లో కేసులో మునిగి కొడుకును దూరం చేసుకున్న సారా లుండ్ ఆ వరసలోవాళ్లే. అయితే వాళ్లవి మహానగరాలు. పని వేళ అయ్యాక అక్కడ ఎవరికీ కనబడకుండా ఉండొచ్చు. చిన్న ఊళ్లో ఆ వీలు లేదు.

అలాంటి చోటే నడిచే కథ, 2014లో బీబీసీలో మొదలైన శాలీ వెయిన్‌రైట్ ‘హ్యాపీ వ్యాలీ’ తొలి సన్నివేశం చూడండి. పిల్లల ఆటస్థలంలో ఒక కుర్రాడు ఒంటిమీద పెట్రోల్ పోసుకుని లైటర్ పట్టుకుని నిలబడ్డాడు. యూనిఫాంలో ఉన్న సార్జెంట్ కేథరిన్ అతనితో మాట కలుపుతుంది. తన వయసు నలభై ఏడనీ, విడాకులయ్యాయనీ, హెరాయిన్ మానుకున్న చెల్లెలితో ఉంటున్నాననీ, ఇద్దరు పిల్లల్లో ఒకరు చనిపోతే ఇంకొకరు మాట్లాడరనీ, ఒక మనవడున్నాడనీ చెప్పేస్తుంది. పాత్ర గతం ప్రేక్షకుడికి చెప్పడం ఏ రచయితకైనా తలనొప్పే. ఇక్కడ ఆ గతమే ఒక ప్రాణం నిలబెట్టడానికి ఆమె వాడుతున్న పనిముట్టు. ఇంత పొదుపుగా పాత్రను పరిచయం చేసిన సన్నివేశాన్ని నేను మరొకటి చూడలేదు.

‘మేర్ ఆఫ్ ఈస్ట్‌టౌన్’లో డిటెక్టివ్ మేర్ షీహన్‌కు అంత నోరు లేదు. పాతికేళ్ల కిందట స్కూలు బాస్కెట్‌బాల్ జట్టును గెలిపించిన అమ్మాయిగా ఊరికింకా ఆమె మీద గురి ఉంది. ఆ జట్టులోనే ఆడిన డాన్ కూతురు కనబడకుండా పోయి ఏడాదైంది. మేర్ ఆచూకీ తీయలేకపోయింది. కొడుకు ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ దుఃఖం గురించి ఆమె ఎవరితోనూ మాట్లాడదు. మనవణ్ని తనకిమ్మని వాడి తల్లి అడిగినప్పుడు, స్టేషన్లో సాక్ష్యంగా దాచిన హెరాయిన్ దొంగిలించి ఆ అమ్మాయి కారులో పెడుతుంది.

క్షమించరాని పని. కానీ ఇంగెల్స్‌బీ దాన్ని పాత్రకు రంగు పూయడానికి పెట్టలేదు. తప్పు బయటపడితేనే పై అధికారి ఆమె బ్యాడ్జీ తీసుకుని కౌన్సెలింగ్‌కు పంపుతాడు. అక్కడ కూర్చోక తప్పకనే కొడుకు గురించి నోరు విప్పుతుంది. అధికారం లేకుండా కేసు వెంట తిరగడం వల్లే ఐదో భాగంలో తీరని నష్టం జరుగుతుంది. అదేమిటో చూడనివాళ్ల కోసం చెప్పను. తాగుడో చెడిన కాపురమో తగిలించి డిటెక్టివ్‌కు లోతు తెచ్చామనుకునే సీరియళ్లకు నేను పెట్టే పరీక్ష ఇదే: ఆ లోపం తీసేసినా కేసు నడిస్తే అది అలంకారమే.

మేర్‌గా నటించిన కేట్ విన్‌స్లెట్ ఒళ్లు కూడా ఈ కథనంలో భాగమైంది. మొదటి భాగంలోనే స్నేహితురాలి తోడబుట్టినవాణ్ని తరుముతూ మేర్ కాలు బెణికించుకుంటుంది. ఆపైన కుంటుతూనే పని చేస్తుంది. ఒక సన్నివేశంలో కనిపించే పొట్టను కత్తిరిస్తానని దర్శకుడు క్రెయిగ్ జోబెల్ అంటే విన్‌స్లెట్ ఒప్పుకోలేదు. పోస్టర్‌లో ముడతలు చెరిపేస్తే వెనక్కి పంపింది. అలసిన ఆ ముఖం లేకపోతే మేర్ మాటల్ని మనం నమ్మేవాళ్లం కాదు. ఆ ఏడాది ఎమ్మీల్లో విన్‌స్లెట్‌తోపాటు స్నేహితురాలు లోరీగా జూలియన్ నికల్సన్‌కు, తోటి డిటెక్టివ్‌గా ఇవాన్ పీటర్స్‌కు కూడా అవార్డులొచ్చాయి. నికల్సన్ నటన ఎంత గొప్పదో చివరి భాగం చూశాకే తెలుస్తుంది.

నేర కథల్లో చనిపోయిన అమ్మాయి చాలాసార్లు ఒట్టి శవంగానే ప్రవేశిస్తుంది. ఇక్కడ మొదటి భాగంలో చాలాసేపు హతురాలు ఎరిన్ బతికే ఉంటుంది. పసిబిడ్డ తల్లి, ఇంకా టీనేజీ దాటలేదు. తండ్రి కోపానికి జడుస్తూ, బిడ్డ చెవి ఆపరేషన్‌కు డబ్బెలాగా అని మథనపడుతూ ఉంటుంది. ఆ డబ్బు కోసం ఆమె తొక్కిన దారులే తర్వాత మేర్‌కు ఆధారాలవుతాయి. ఆమె అవసరం తెలిసిన ప్రేక్షకుడు మిగతా ఆరు భాగాలూ హంతకుడి కోసమే కాక ఎరిన్ కోసం కూడా చూస్తాడు.