‘మల్లీశ్వరి’లో చెలిమి, ప్రేమ, కీర్తి: ఒక పరిశీలన

చిన్ననాటి స్నేహితుల మధ్య ప్రేమ అంకురించడం, వారిలో ఒకరికి కీర్తి దక్కడం, ఆ కీర్తే ఇద్దరికీ అడ్డుగోడ కావడం సమకాలీన ప్రణయ నవలకు బాగా అలవాటైన ఇతివృత్తం. తెలుగులో దీనిని గాఢంగా చిత్రించిన కృతి నవల కాదు, చలనచిత్రం. అది 1951 డిసెంబరులో విడుదలైన వాహినీ వారి ‘మల్లీశ్వరి’. దర్శకుడు బి.ఎన్.రెడ్డి కడప జిల్లా పులివెందుల తాలూకా కొత్తపల్లిలో 1908లో జన్మించారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల సాహిత్యాన్ని గురించి మాట్లాడేటప్పుడు ఆయనను సినిమావారికి వదిలిపెట్టి ముందుకు సాగిపోతుంటాం. దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలు, పాటలు రచించిన ఈ కృతిని ఒక సాహిత్యపాఠంగా చదివి, అందులో కీర్తికీ స్త్రీ ఇష్టానికీ గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ప్రణయ నవలలో ఉత్కంఠ అంతా స్నేహం ప్రేమగా మారే క్షణంలో ఉంటుంది. ‘మల్లీశ్వరి’లో ఆ క్షణం లేదు. నాగరాజు, మల్లి బావామరదళ్ళు. వారి చెలిమికి వరస అనే పేరు ముందే ఉంది. ప్రేమను ప్రత్యేకంగా ప్రకటించుకోవలసిన అగత్యం లేదు. కనుక అడ్డంకి మనసులో కాక మరోచోట పుట్టాలి. మల్లి తల్లి నాగమ్మకు పేద అల్లుడు ఇష్టం లేకపోవడం అందులో ఒకటి. రెండవది పల్లకీ.

సంతనుండి తిరిగివస్తూ వానకు మంటపంలో తలదాచుకున్నప్పుడు మల్లి ఆడుతుంది, పాడుతుంది. మారువేషంలో ఉన్న శ్రీకృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన చూసి మెచ్చుకుంటారు. ఎదుట ఉన్నది రాయలేనని ఎరుగని నాగరాజు, మా మల్లికి పల్లకీ పంపమని రాయలవారితో చెప్పండని పరిహాసమాడతాడు. తరువాత అతడు సంపాదన కోసం ఊరు విడిచి వెళ్తాడు. అతడు లేని సమయంలో ఆ పల్లకీ నిజంగానే ఇంటి ముందు దిగుతుంది. మల్లి రాణివాసానికి వెళ్ళవలసి వస్తుంది.

ఈ కథలో కీర్తిని కోరినది మల్లి కాదన్నది గమనార్హం. దానిని అడిగినవాడు ఆమెను ప్రేమించినవాడే, అదీ వేళాకోళంగా. ఇచ్చినవాడు రాజు, మెచ్చుకోలుగా. అందుకున్నది తల్లి, ఆశగా. నాగమ్మను లోభిగా తీసిపారేయడం తేలిక. కాని ఆమె తనకు కావలసినదాన్ని నిజాయితీగానే కోరుకున్నది. తనకు అక్కరలేనిదాన్ని కోరినవాడు నాగరాజు. ఈ దృష్టితో చూస్తే కథలోని బాధ్యత మనం సాధారణంగా పంచిపెట్టే తీరులో ఉండదు.

బి.ఎన్.రెడ్డి అంతకు ఆరేళ్ళ ముందు తీసిన ‘స్వర్గసీమ’ (1945)తో పోల్చినప్పుడు ఈ అంశం మరింత స్పష్టమవుతుంది. అక్కడ వీధుల్లో పాడుకొనే సుబ్బి రంగస్థల తారయై సుజాతగా మారుతుంది. ఆమెను పైకి తెచ్చిన మూర్తి ఇల్లాలిని విడిచి ఆమె వెంట పడి, చివరికి మోసపోతాడు. స్త్రీకి దక్కిన పేరు సంసారాన్ని కూల్చే శక్తిగానే కనిపిస్తుంది, నింద ఆమె మీదే పడుతుంది. రెండు చిత్రాల్లోనూ ఆ స్త్రీ భానుమతియే. ‘మల్లీశ్వరి’లో దర్శకుడు ఆ నిందను ఉపసంహరించారు. అయితే నిందతోపాటు ఆమె ఇచ్ఛ కూడా తగ్గిపోయింది. సుబ్బి తప్పు చేసినా తానే చేసింది. మల్లికి ఆ అవకాశమే లేదు. కళాదృష్టితో ‘మల్లీశ్వరి’ ఎంతో ఉన్నతమైనదే, ఈ ఒక్క విషయంలో మాత్రం ‘స్వర్గసీమ’ ధైర్యం దానికి లేదని నా అభిప్రాయం.

దీనికి కారణం మూలంలో కొంత ఉంది. ఈ చిత్రానికి ప్రేరణ బుచ్చిబాబు నాటిక ‘రాయలవారి కరుణకృత్యం’, దేవన్ షరార్ ఆంగ్ల కథానిక. నాటిక పేరులో కర్త రాయలు, కథ ఆయన కరుణ. చిత్రానికి నాయిక పేరు పెట్టడం వల్ల దృష్టి ఆమె వైపు మళ్ళింది కాని, ముడి విప్పేది మళ్ళీ రాయల కరుణే. రాణివాసంలో అడుగుపెట్టిన నేరానికి బందీ అయిన నాగరాజును క్షమించి, ప్రేమికులను కలిపేది ఆయనే. తెచ్చిన చేయే విడిచిపెట్టింది.

నాగరాజు కీర్తి వేరు. అది తన ఉలితో సంపాదించుకున్నది. ఆ శిల్పకళే అతన్ని విజయనగరానికి, మల్లి ఉన్న చోటికి చేరుస్తుంది. పురుషుడి కళ అతనికి దారి అయింది, స్త్రీ కళ ఆమెకు చెర అయింది. యండమూరి వీరేంద్రనాథ్ నవల ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో చదరంగం ఆటగాడు రేవంత్ లోకానికి తెలిసినవాడు, ఫోనులో పలకరించే అమ్మాయి కంటికి కనిపించని గొంతు మాత్రమే. దశాబ్దాల తరువాత కూడా పేరు అతనిది, మరుగు ఆమెది. అయితే అక్కడ ఆ మరుగును ఎంచుకున్నది ఆమే కావడం చెప్పుకోదగిన మార్పు.

‘మల్లీశ్వరి’లో మల్లి ఎవరి అనుమతీ లేకుండా మాట్లాడే చోటు ఒకటుంది. విడిపోయిన ఇద్దరూ చెరొకచోట నుండి మేఘాన్ని పలకరించే పాట అది. కాళిదాసు ‘మేఘదూతం’లో సందేశం పంపేది యక్షుడు ఒక్కడే, అలకాపురిలోని ప్రియురాలిని మనం అతని ఊహలోనే చూస్తాం. కృష్ణశాస్త్రి ఆ సంప్రదాయాన్ని తీసుకొని, రెండవ గొంతుకు కూడా మేఘాన్ని ఇచ్చారు. ఘంటసాల గొంతుకు సమానంగా భానుమతి తన పాత్రకు తానే పాడారు. రాణివాసపు గోడల మధ్య, రాజు మెప్పుకోసం కాకుండా మల్లి తనకోసం పాడుకొన్న పాట అది.