ఒక్క మాటకి దావా

చదరంగం మీద ఏడు భాగాల సీరియల్ ఒకటి ఉందనీ, అది చూడనివాళ్ళ జన్మ వృథా అనీ పక్కింటి పిన్నిగారు చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా బిగదీసుకుని కూచుని, అరగంటకో బంటు జరుపుతూ ఉంటే అందులో చూడ్డానికేముంటుంది చెప్మా అనుకున్నాను. నా చిన్నతనంలో మా నాన్నగారూ, ఎదురింటి ప్లీడరుగారూ వరండాలో అలాగే ఆడేవారు. మూడుసార్లు కాఫీ అందించడం, అన్నం చల్లారిపోతోందని నాలుగోసారి తలుపుచాటు నుంచి గుర్తుచెయ్యడం - ఆ ఆటతో మా ఇంట్లో ఆడవాళ్ళకున్న సంబంధం అంతే.

తీరా మొదలుపెట్టాక మటుకు వదల్లేదు. రెండు రాత్రుల్లో ఏడు భాగాలూ పూర్తిచేసి, మూడోరోజు పొద్దున్న పాలు పొంగిపోతున్నా బెత్ గురించే ఆలోచిస్తూ నిలబడ్డాను.

ఆ సీరియల్ పేరు 'ది క్వీన్స్ గాంబిట్'. 2020 అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు విడుదల చేశారు. వాల్టర్ టెవిస్ అనే అమెరికన్ రచయిత 1983లో రాసిన అదే పేరుగల నవల దీనికి ఆధారం. కరోనా భయంతో జనం ఇళ్ళల్లో తలుపులేసుకు కూచున్న రోజులు కావడంతో ప్రపంచమంతా ఎగబడి చూసింది. చదరంగం బల్లలకి ఎక్కడ లేని గిరాకీ వచ్చింది.

పేరు సంగతి కాస్త చెప్పుకోవాలి. మన చదరంగంలో రాజుంటాడు, మంత్రి ఉంటాడు, రాణి మాత్రం ఉండదు. రష్యన్ భాషలో కూడా ఆ పావు పేరుకి మంత్రి అనే అర్థం. ఇంగ్లీషువాళ్ళు ఆ మంత్రిగారి గడ్డం గీసి రాణిని చేశారు. 'క్వీన్స్ గాంబిట్' అంటే ఆట మొదట్లో వేసే ఎత్తు. మన వైపు బంటునొకదాన్ని ఎదుటివాడి నోటికి అందేలా పెట్టి, వాడు దాన్ని తినే లోపల బల్ల నడిమి భాగం మనం ఆక్రమించుకోవడం. చిన్నదాన్ని వదులుకుని పెద్దదానికి దారి చేసుకోవడమన్నమాట. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పనుంది.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కారు ప్రమాదంలో తల్లి పోయి అనాథాశ్రమం పాలైన తొమ్మిదేళ్ళ పిల్ల బెత్ హార్మన్. అక్కడ ఊడ్చే ముసలాయన నేలమాళిగలో ఒంటరిగా చదరంగం ఆడుకుంటూంటే చూసి, పట్టుబట్టి నేర్చుకుంటుంది. ఆశ్రమంలో పిల్లల నోరు మూయించడానికిచ్చే మత్తుబిళ్ళలు అలవాటవుతాయి. ఆ మత్తులో కప్పు మీద పావులు కదులుతూ కనిపిస్తాయి. పెరిగి పెద్దదై, తాగుడుతోనూ ఒంటరితనంతోనూ పోరాడుతూ, 1968లో మాస్కో వెళ్ళి సోవియట్ ఛాంపియన్ బోర్గోవ్‌ని ఓడిస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆటలు కావు, ఆల్మా. బెత్‌ని పెంచుకున్న తల్లి. పియానో అంత బాగా వాయించగలిగీ నలుగురి ముందుకు రాలేక ఇంట్లో మిగిలిపోయిన మనిషి. భర్త చెప్పాపెట్టకుండా వదిలేసి పోతాడు. పెంపుడు కూతురు ఆడి డబ్బు సంపాదించగలదని తెలిశాక, తోడుగా ఊరూరా వస్తానంటుంది. నాకు పదో వంతు ఇస్తావా అని మొహమాటపడుతూ అడుగుతుంది. పదిహేను వంతులు తీసుకోమంటుంది బెత్. ఆ ఒక్క సన్నివేశంలో ఇద్దరు ఆడవాళ్ళు లెక్క తేల్చుకుని తల్లీ కూతుళ్ళయిపోతారు. కన్నీళ్ళు లేవు, కౌగిలింతలు లేవు. మన సినిమాలవాళ్ళయితే అక్కడ ఓ పాట పెట్టేవారు.

ఆటల విషయంలోనూ శ్రద్ధ తీసుకున్నారు. ప్రపంచ ఛాంపియన్‌గా ఉండిన కాస్పరోవ్‌ని, బ్రూస్ పండోల్ఫినీ అనే శిక్షకుణ్ణి సలహాదారులుగా పెట్టుకున్నారు. బల్ల మీద ఎక్కడా తప్పు ఎత్తు పడకూడదని వాళ్ళ పట్టుదల.

లోపం చెప్పమంటే ఒకటి చెబుతాను. ఇందులో మగవాళ్ళంతా మరీ మంచివాళ్ళు. ఓడినవాడల్లా చెయ్యి కలిపి స్నేహితుడైపోతాడు. చివర్లో ఆ బోర్గోవ్ కూడా లేచి కౌగిలించుకుంటాడు. ఈ ఆటలో మగవాళ్ళతో ఆడి గెలిచిన హంగరీ ఆవిడ జూడిట్ పోల్గార్ కూడా, నిజంగా ఇంత మర్యాద ఉండదని అన్నారు. మొట్టమొదటి మహిళా ప్రపంచ ఛాంపియన్ వెరా మెన్‌చిక్ 1929లో కార్ల్స్‌బాద్ పోటీకి వస్తే, వియన్నాకి చెందిన బెకర్ అనే ఆయన 'ఈవిడ చేతిలో ఓడినవాళ్ళందరినీ మెన్‌చిక్ క్లబ్బులో చేరుద్దాం' అని వేళాకోళం ఆడాడు. ఆ క్లబ్బులో చేరిన మొదటి సభ్యుడు ఆయనే! తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయిన మాక్స్ యూవే కూడా సభ్యత్వం పుచ్చుకున్నాడు. ఆ వేళాకోళం ఈ సీరియల్లో ఎక్కడా లేదు.

సరే, కథలో కొంచెం తీపి ఎక్కువైంది, పోనిద్దురూ అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. అసలు సంగతి వేరే ఉంది.

ఆఖరి భాగంలో, మాస్కోలో బెత్ ఆడుతూంటే వ్యాఖ్యాత మాట్లాడతాడు. ఈ అమ్మాయిలో విశేషం ఆడదవటమే, అదీ రష్యాలో కొత్త కాదు, నోనా గాప్రిందష్విలి ఉంది కదా, కానీ ఆవిడ మహిళల ఛాంపియన్, మగవాళ్ళతో ఎప్పుడూ తలపడలేదు - అని ఆ మాటల సారాంశం. అదే సమయంలో ప్రేక్షకుల మధ్య కూర్చున్న ఓ స్త్రీని చూపిస్తారు. ఆ మాట వచ్చినప్పుడు నేను గోంగూర ఏరుతున్నాను. 'ఆహా, అలాగా' అనుకుని కాడలు తుంచేశాను.

ఆ మాట అబద్ధం. అందులోనూ, బతికున్న మనిషి గురించి చెప్పిన అబద్ధం.

నోనా గాప్రిందష్విలి కల్పిత పాత్ర కాదు. 1941లో జార్జియాలోని జుగ్దిదీ అనే ఊళ్ళో పుట్టారు. అన్నదమ్ముల మధ్య ఒక్కతే ఆడపిల్ల. బతుమీ పట్నంలో పిల్లల జట్ల పోటీ జరుగుతూంటే, ఆడవలసిన సోదరుడి స్థానంలో ఈ పిల్లని కూచోబెట్టారు. కర్సెలాద్జే అనే గురువు కంట్లో పడింది. అంతే, చదువుకోసం కాదు, చదరంగం కోసం ఆడపిల్లని రాజధానికి పంపారు. వింతగా ఉందా? జార్జియాలో పెళ్ళికూతురి సారెలో రుస్తవేలీ కావ్యంతో పాటు చదరంగం బల్ల కూడా పెట్టే ఆచారం ఉండేదని చెబుతారు. మనం సారెలో ఏమేం పెట్టామో ఒక్కసారి జ్ఞాపకం తెచ్చుకోండి.

1962లో, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, ఆవిడ బైకోవాని 9-2 తేడాతో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. ఒక్క ఆట కూడా ఓడలేదు. అల్లా కుష్నిర్ మూడుసార్లు, నానా అలెగ్జాండ్రియా ఒకసారి సవాలు చేసినా కిరీటం వదల్లేదు. 1978లో మాయా చిబుర్దనిద్జే అనే పదిహేడేళ్ళ పిల్ల ఓడించేవరకూ పదహారేళ్ళు ఏలారు. ఆ మాయా కూడా జార్జియా పిల్లే. అంటే 1962 నుంచి 1991లో చైనా అమ్మాయి షీ జున్ వచ్చేవరకూ ప్రపంచ కిరీటం ఆ చిన్న దేశం గడప దాటలేదు.

ఇక మగవాళ్ళతో ఆడటం మాట. 1963-64లో ఇంగ్లండులోని హేస్టింగ్స్‌లో ఛాలెంజర్స్ పోటీ గెలిచారు. 1965లో డార్సెట్‌లో ఇరవై ఎనిమిది మంది మగవాళ్ళతో ఒకేసారి ఆడారు. బల్లల వరస వెంట నడుచుకుంటూ, ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో ఎత్తు వేసుకుంటూ వెళ్ళడం. సీరియల్ కథ జరిగే 1968 నాటికి కనీసం 59 మంది మగవాళ్ళతో ఆడారనీ, వారిలో కనీసం పది మంది గ్రాండ్‌మాస్టర్లనీ ఆవిడ కోర్టుకిచ్చిన కాగితాల్లో లెక్క చెప్పారు. ఆ పైన 1977లో కాలిఫోర్నియాలో లోన్ పైన్ అనేచోట పెద్ద పెద్ద ఆటగాళ్ళు ఆడిన పోటీలో మరి ముగ్గురితో కలిసి మొదటి స్థానం. ఆ ఫలితం చూసి 1978లో ఫిడే సంస్థ ఆవిడకి గ్రాండ్‌మాస్టర్ బిరుదిచ్చింది. మహిళా గ్రాండ్‌మాస్టర్ కాదండోయ్, అది వేరే, దానికి గీత తక్కువ ఎత్తులో ఉంటుంది. మగవాళ్ళకిచ్చే అసలు బిరుదే. ప్రపంచంలో అది అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే.

పోనీ నవలలో ఉన్న తప్పే సీరియల్లోకి వచ్చిందా అంటే, అదీ కాదు. ఆ చోట నోనా ఈ రష్యా గ్రాండ్‌మాస్టర్లందరితో ఇదివరకే ఎన్నోసార్లు ఆడిందని టెవిస్ సరిగ్గానే రాశాడు. సీరియల్ రాసినవాళ్ళు పనిగట్టుకుని ఆ మాటని తలకిందులు చేశారు. ఎందుకు చేశారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. నోనా ముందే ఆ పని చేసేసిందంటే బెత్ రెండోదవుతుంది. బెత్ మొదటిది కావాలంటే నోనాని పక్కకి జరపాలి. ఇందాక గుర్తుంచుకోమన్న బంటు ఇదే. తేడా ఏమిటంటే, బంటునిచ్చేవాడు సొంత బంటునివ్వాలి. వీళ్ళు ఇచ్చింది జార్జియావాళ్ళ అమ్మాయిని.

పైగా ఆవిడని రష్యాకి కట్టేశారు. మనల్ని పట్టుకుని ఉత్తరాదివాళ్ళు 'మద్రాసీ' అంటే ఒళ్ళు ఎలా మండుతుందో తెలుసు కదా!

2021 సెప్టెంబరులో, ఎనభై ఏళ్ళ వయసులో, ఆవిడ లాస్ ఏంజిల్స్ కోర్టులో పరువునష్టం దావా వేశారు. కనీసం 50 లక్షల డాలర్లు ఇప్పించమన్నారు. ఆ నెలలోనే సీరియల్ ఎమ్మీ బహుమతుల పంట పండించుకుంది, మొత్తం పదకొండు. ఇది కల్పిత కథ, దావా కొట్టెయ్యండి అన్నారు నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు. కథ కల్పితమైనంత మాత్రాన నిజం మనుషుల్ని ఏమైనా అనొచ్చని లేదంటూ 2022 జనవరిలో జడ్జి వర్జీనియా ఫిలిప్స్ ఒప్పుకోలేదు. ఆ సెప్టెంబరులో రాజీ అయింది. షరతులు బయటపెట్టలేదు.

ఇదంతా నేను భోజనాల దగ్గర చెబుతూంటే మావారు మజ్జిగ కలుపుకుంటూ, "కథే కదా, ఒక్క ముక్కకి ఇంత రాద్ధాంతమా? ఆ దావా వల్లే కదా ఆవిడ పేరు నీకు తెలిసింది" అన్నారు.

రెండో మాట నిజమే. ఆవిడ పేరు నాకు అంతకుముందు తెలీదు. నన్ను కుట్టింది అదే. బోర్గోవ్ లాంటి ఒక మగ ఛాంపియన్ పేరు చెప్పి, ఈయన తనకన్నా చిన్నవాళ్ళతో తప్ప ఆడలేదంటే, నిజమేనా అని సందేహం వచ్చేదేమో. ఆడమనిషి మగవాళ్ళతో ఆడలేదంటే మటుకు సందేహమే రాలేదు. కాడ తుంచినంత తేలిగ్గా నమ్మేశాను. రాసినవాళ్ళు నాలాంటివాళ్ళని నమ్ముకునే ఆ మాట రాశారు.

మొదటి మాటకి వారికి జవాబు బతుమీ నుంచి చెప్పాను. చిన్నప్పుడు నోనా గురువుగారి కంట్లో పడ్డ ఆ పట్నంలోనే 2025 జూలైలో మహిళల ప్రపంచ కప్పు జరిగింది. ఫైనల్లో ఇద్దరూ మన దేశంవాళ్ళే: గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, నాగపూరు అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్. టైబ్రేక్‌లో దివ్య గెలిచింది. ఆ గెలుపుతో గ్రాండ్‌మాస్టర్ కూడా అయింది. ఆ బిరుదు హంపి 2002లోనే, పదిహేనేళ్ళకే తెచ్చుకుంది. అప్పటిదాకా ఆడపిల్లల్లో అంత చిన్న వయసు రికార్డు జూడిట్ పోల్గార్‌ది. "ఇంకో యాభై ఏళ్ళకి ఎవరో ఓ గొప్ప సీరియల్ తీసి, హంపి అని ఒకావిడ ఉండేది, పాపం మగవాళ్ళ ఎదుట ఎప్పుడూ కూచోలేదు అంటే గుడివాడవాళ్ళు ఊరుకుంటారా?" అన్నాను. మావారు మజ్జిగన్నం మీదికి దృష్టి మళ్ళించారు. వారి బంధువులు గుడివాడలో ఉన్నారు లెండి.

ఇంతకీ సీరియల్ చూడొద్దంటానా? అబ్బే, చూడండి. ఆల్మా కోసమైనా చూడండి. కానీ దావా కాగితాల్లో ఉన్న నోనా బెత్ కన్నా ఆసక్తికరమైన మనిషి అని నా అభిప్రాయం. బెత్ ఆట మాస్కోలో గెలవగానే అయిపోతుంది. నోనా 2022లో, దావా నడుస్తున్న సంవత్సరంలోనే, ఎనభై ఒకటో ఏట ఇటలీలోని అసీసీ వెళ్ళి అరవై అయిదేళ్ళు దాటిన మహిళల ప్రపంచ పోటీ గెలిచి వచ్చారు. దానిమీద సీరియల్ ఎవరూ తియ్యలేదు.

మొన్న ఆ ఏడో భాగం మళ్ళీ పెట్టుకున్నాను. ఈసారి చేతిలో గోంగూర లేదు. వ్యాఖ్యాత ఆ మాట అన్నాడు, ప్రేక్షకుల్లో ఉన్న ఆవిడ కనిపించింది. ఒక్క మాట మాట్లాడే అవకాశం కూడా లేదు ఆ నటికి. ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. పక్కన కూచుని జంతికలు నములుతున్న పిన్నిగారి మనవరాలు, "ఎవరత్తా ఆవిడ?" అంది.

టీవీ కట్టేసి చెప్పడం మొదలుపెట్టాను.