నీలి మచ్చల పనితనం

అరచేతిలో పట్టేంత పలక. గుర్రపు నాడా ఆకారం, గట్టి అక్రిలిక్, గాజులా తేటగా ఉంటుంది. పళ్ళ డాక్టర్లు స్ప్లింట్ అంటారు, మనం నైట్ గార్డ్ అంటాం. నిద్రలో పళ్ళు నూరేవాళ్ళకీ, ఆవలిస్తే చెవి ముందు టక్కుమనేవాళ్ళకీ ఇస్తారు. వీటిలో పేరుమోసిన నమూనా అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో రామ్‌ఫ్యోర్డ్, యాష్ అనే ఆచార్యులు తీర్చిదిద్దినది.

చూడ్డానికి నున్నటి పలకే. పనంతా ఆ నునుపులోనే ఉంది. దవడ కీలు మడతబందులా తిరిగి ఊరుకోదు, ముందుకి జారుతుంది కూడా. కీలులోని ఎముకల మధ్య, నడుమ పలచనైన చిన్న బిళ్ళ ఒకటుంటుంది. అది చోటు తప్పితే వచ్చేదే ఆ టక్కు. పైగా కుడి కీలూ ఎడమ కీలూ ఒకే ఎముక రెండు కొసలు, ఒకదాన్ని వదిలి ఒకటి కదలదు. అందుకే కింది పళ్ళన్నీ పలక మీద ఒక్కసారే ఆనాలి. దవడ పక్కకి జరిగితే కోరపన్ను ఓ బుల్లి వాలు ఎక్కి, వెనక దంతాలను పలక నుంచి విడదీయాలి. వాలు మరీ నిటారైతే దవడకి కాళ్ళు కట్టేసినట్టే. మరీ పల్లమైతే దంతాలు విడవవు.

డాక్టరు 40 మైక్రాన్ల నీలి కాగితం పెట్టి "టకటకా కొరకండి" అంటారు. పలక తీసి చూస్తే మచ్చలు. కొత్తవాళ్ళు పెద్ద మచ్చ మీదికి ఉరుకుతారు. చెయ్యి తిరిగినవాళ్ళు నడుమ తెల్లగా, చుట్టూ నీలంగా, ఉంగరంలా పడ్డదాన్ని వెతుకుతారు. ఒత్తిడి అక్కడ. అరగదీసే బర్ అలా తాకించి, పొడి ఊది, మళ్ళీ కాగితం. చివర్లో 8 మైక్రాన్ల రేకు పెట్టి కరిపించి లాగుతారు. ఏ పన్ను దగ్గర లాగినా రాకూడదు.

ఇక దవడతో ముడిపెట్టే పాదాల మాట. అరికాలి వంపు కుంగితే దవడ కూడా వంకరపోతుందనీ, దవడ సరిచేస్తే ఒంటికి నిలకడ వస్తుందనీ కొందరంటారు. పాదాన్ని చదివేవాళ్ళదీ గొప్ప కన్నే. మడమ వాలు, వంపు ఎత్తు, వెనకనుంచి చూస్తే బయటివైపు కనిపించే వేళ్ళు, ఇలా ఆరు గుర్తులకి మైనస్ 2 నుంచి ప్లస్ 2 దాకా మార్కులేస్తారు. కానీ కొన్ని పరిశోధనల్లో దొరికిన లంకె మరికొన్నింటిలో దొరకలేదు. దాన్ని నమ్మి పళ్ళు అరగదీయించుకోవడం నా దృష్టిలో తొందరపాటే.

మెడ సంగతి వేరు. తల వాటం మారితే పళ్ళు ఆనే చోటు మారుతుంది. అందుకే పని తెలిసిన డాక్టరు, అంతా అయిందనుకున్నాక, వాల్చిన కుర్చీని నిటారుగా లేపి మరోసారి కొరికిస్తారు. పడుకున్నప్పుడు లేని చుక్క ముందుపళ్ళ దగ్గర తేలుతుంది. బర్ మళ్ళీ చేతికొస్తుంది.