లెక్కకు రానివాళ్ల లెక్క

గ్రాండ్‌స్లామ్ టెన్నిస్ టోర్నీకి డ్రా వెలువడిన రోజున పత్రికల క్రీడాపుటలన్నీ మొదటి నలుగురైదుగురు సీడెడ్ ఆటగాళ్ల చుట్టూ తిరుగుతాయి గానీ, ఆటను ఏళ్ల తరబడి చూస్తూ వచ్చిన ప్రేక్షకుడి కన్ను మాత్రం ఆ పట్టికలో ఎవరూ పట్టించుకోని పేర్ల మీద ఆగుతుంది. ఆ పేర్లలో ఏది రెండో వారం దాకా నిలుస్తుందో ముందుగా పసిగట్టడాన్ని చాలామంది జోస్యం కింద జమకడతారు. నిజానికి అది ఓపికతో అలవడే విద్య, దాని తొలి పాఠం ఆటగాడి ఓటముల్లో ఉంటుంది.

లెక్కలో లేకుండా వచ్చి పెద్దవాళ్లను పడగొట్టగల ఇలాంటి పోటీదారును క్రీడాభాషలో ‘డార్క్ హార్స్’ అంటారు. గుర్రప్పందేలకు సంబంధించిన ఈ మాటను, తరవాతి కాలంలో బ్రిటన్ ప్రధాని అయిన బెంజమిన్ డిజ్రేలీ 1831 నాటి తన నవల ‘ది యంగ్ డ్యూక్’లో వాడాడు. ఇందులోని చీకటికి గుర్రం రంగుతో పనిలేదు, దాని సత్తా ఏపాటిదో పందెం కాసేవాళ్లకు తెలియకపోవడమే ఆ చీకటి. దీన్ని ‘అండర్‌డాగ్’ అనే మరో మాటతో కలిపి వాడటం పరిపాటి అయినా, రెండింటికీ తేడా ఉంది. అండర్‌డాగ్ బలహీనుడన్న సంగతి అందరికీ తెలుసు కనుక అతను గెలిస్తే ఆ రోజు కలిసివచ్చిందని అనుకుంటారు. డార్క్ హార్స్ బలవంతుడే, కాకపోతే ఆ బలం ఇంకా అంకెల్లోకి ఎక్కలేదు.

అంకెల్లోకి ఎందుకు ఎక్కలేదో తెలియాలంటే టోర్నీ కట్టుబడి తెలియాలి. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ డ్రాలో 128 మంది ఉంటారు. వారిలో 104 మంది ర్యాంకింగ్ ఆధారంగా నేరుగానూ, 16 మంది క్వాలిఫయింగ్ పోటీల్లో మూడేసి మ్యాచ్‌లు గెలిచీ, మిగతా 8 మంది నిర్వాహకులు తమ విచక్షణతో ఇచ్చే వైల్డ్‌కార్డ్ ప్రవేశంతోనూ వస్తారు. మేటి ఆటగాళ్లు మొదట్లోనే ఒకరికొకరు ఎదురుపడకుండా 32 మందిని డ్రా అంతటా దూరదూరంగా కూర్చోబెట్టే ఏర్పాటే సీడింగ్. నలుగురేసి ఉండే ప్రతి గుంపులోనూ ఒక సీడెడ్ ఆటగాడు ఉంటాడు కాబట్టి, సీడింగ్ లేనివాడు మూడో రౌండుకు చేరాలంటే ఆ సీడెడ్ ఆటగాణ్ని గానీ, అతన్ని ఓడించినవాణ్ని గానీ ఓడించి తీరాలి.

సీడింగ్‌కు మూలమైన ర్యాంకింగ్ గడిచిన 52 వారాల ఫలితాల మీద కట్టే లెక్క. ఆ లెక్కలో ఎవరు ఏ రౌండు దాకా వెళ్లారన్నది ఉంటుంది గానీ, ఎలా ఓడిపోయారన్నది ఉండదు. తొలి రౌండులో ఒక్క గేమ్ కూడా గెలవకుండా ఇంటిదారి పట్టినవాడికీ, అదే రౌండులో అగ్రశ్రేణి ఆటగాడితో నాలుగు గంటలు పోరాడి అయిదో సెట్లో ఓడినవాడికీ వచ్చే పాయింట్లు సమానమే. చిత్తూరు ప్రాంతంలో మామిడి తోటను పూత మీదే గుత్తకు తీసుకునే వ్యాపారికి ఈ చిక్కు కొత్తది కాదు. పోయినేటి దిగుబడి లెక్క అతని చేతిలో ఉన్నా దాన్ని నమ్మి బేరం కుదుర్చుకోడు. కొమ్మ వంచి, పూతకు తేనెమంచు పురుగు పట్టిందో లేదో చూసి, విరగబూసిన పూతలో ఏ మేరకు పిందెగా నిలుస్తుందో అంచనా కట్టి అప్పుడు ధర చెబుతాడు. టెన్నిస్‌లో దగ్గరిదాకా వచ్చి చేజారిన మ్యాచ్‌లే ఆ పిందెలు.

ఈ మాటకు గట్టి రుజువు తిరుపతికి 150 కిలోమీటర్ల లోపే, చెన్నై నుంగంబాక్కం స్టేడియంలో దొరికింది. 1997 నుంచి 2017 దాకా ఏటా అక్కడ జరిగిన చెన్నై ఓపెన్‌ను స్విట్జర్లాండ్ ఆటగాడు స్టాన్ వావ్రింకా 2011లో ఒకసారి, తిరిగి 2014, 2015, 2016 సంవత్సరాల్లో వరసగా గెలిచాడు. 2014లో చెన్నై ట్రోఫీతో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఆడటానికి మెల్‌బోర్న్‌కు వెళ్లిన అతను ఎనిమిదో సీడ్. 2005 ఫ్రెంచ్ ఓపెన్ మొదలు 2013 యూఎస్ ఓపెన్ వరకు జరిగిన 35 గ్రాండ్‌స్లామ్ పురుషుల టైటిళ్లలో 34ను ఫెదరర్, నాదల్, జకోవిచ్, ముర్రే నలుగురే పంచుకున్న రోజులు కనుక, ఎనిమిదో సీడ్ అంటే టైటిల్ లెక్కలో లేనట్టే. పైగా నాదల్‌తో అంతకుముందు ఆడిన 12 మ్యాచ్‌ల్లోనూ వావ్రింకా ఓడాడు, ఒక్క సెట్ కూడా గెలవలేదు.

అయినా 2013 నాటి అతని ఓటములను చదివినవారికి వేరే కథ కనిపించి ఉండాలి. ఆ ఏడాది ఆస్ట్రేలియన్ ఓపెన్ నాలుగో రౌండులో జకోవిచ్‌తో అయిదు గంటలు దాటి ఆడి ఆఖరి సెట్‌ను 12-10తో పోగొట్టుకున్నాడు. సెప్టెంబరులో యూఎస్ ఓపెన్ సెమీఫైనల్లో అదే ప్రత్యర్థి చేతిలో మళ్లీ అయిదు సెట్లలో ఓడాడు. ఒంటిచేత్తో కొట్టే అతని బ్యాక్‌హ్యాండ్ ప్రపంచంలోని మేటి ఆటగాణ్ని ఏడాదిలో రెండుసార్లు అంచుదాకా నెట్టిందన్న సంగతి ఆ రెండు స్కోర్లలోనే ఉంది. 2014 జనవరిలో మెల్‌బోర్న్ క్వార్టర్‌ఫైనల్లో జకోవిచ్‌ను చివరి సెట్ 9-7తో ఓడించి, ఫైనల్లో వెన్నునొప్పితో సతమతమైన నాదల్‌ను నాలుగు సెట్లలో గెలిచిన వావ్రింకా, ఆపై 2015లో ఫ్రెంచ్ ఓపెన్‌నూ 2016లో యూఎస్ ఓపెన్‌నూ జకోవిచ్ మీదే గెలుచుకున్నాడు. అతను గ్రాండ్‌స్లామ్ గెలిచిన మూడేళ్లలోనూ కొత్త సంవత్సరపు మొదటి టైటిల్ నుంగంబాక్కంలోనే అందుకున్నాడు.

ఈ కొలతకు ఇంకొన్ని ఉదాహరణలు కూడా సరిపోతాయి. 2001లో 125వ ర్యాంకుతో, వైల్డ్‌కార్డ్ మీద వింబుల్డన్ ఆడి గెలిచిన గోరాన్ ఇవానిసెవిచ్ అంతకుముందు 1992, 1994, 1998లలో అదే పచ్చికపై మూడు ఫైనల్స్ ఓడినవాడు. అతన్ని కమ్మిన చీకటి మరుపు వల్ల వచ్చింది. 2021 యూఎస్ ఓపెన్‌లో 150వ ర్యాంకుతో క్వాలిఫయింగ్ నుంచి మొదలుపెట్టి, పది మ్యాచ్‌ల్లో ఒక్క సెట్ కూడా ఇవ్వకుండా విజేత అయిన ఎమ్మా రదుకాను, అంతకు రెండు నెలల ముందు వింబుల్డన్‌లో నాలుగో రౌండుకు చేరి, ఊపిరి అందక మ్యాచ్ మధ్యలో తప్పుకొంది. ఆ నిష్క్రమణను బలహీనతగా చదివినవారే ఎక్కువ.

తెలుగు నేలకు సంబంధించినంత వరకు ఈ పాఠానికి సానియా మీర్జాను మించిన ఉదాహరణ లేదు. ఆమె ఆట నేర్చుకున్న హైదరాబాద్ కోర్టులు పేడతో అలికినవి. చిత్తూరు పల్లెల్లో తెల్లవారుజామున వాకిట కల్లాపి చల్లితే దుమ్ము అణిగి నేల గట్టిపడే తీరే ఆ కోర్టులదీ. 2005 ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు వైల్డ్‌కార్డ్ మీద వెళ్లినప్పుడు ఆమె వయసు 18, ర్యాంకు 166. రెండు మ్యాచ్‌లు గెలిచి మూడో రౌండులో సెరెనా విలియమ్స్ చేతిలో 6-1, 6-4తో ఓడింది. అంకెల్లో అది వరస సెట్ల ఓటమి. ఆ ఏడాది టైటిల్ గెలవబోతున్న క్రీడాకారిణి ముందు, ఒక్క గేమే దక్కిన తొలి సెట్ తరవాత ఒక కొత్త అమ్మాయి రెండో సెట్లో నాలుగు గేమ్‌లు గెలిచిందంటే, ఆ ఫోర్‌హ్యాండ్‌కు ఆ స్థాయిలో చోటుందని అర్థం. ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఆమె మహిళల టెన్నిస్ సంఘం (డబ్ల్యూటీఏ) సింగిల్స్ టైటిల్ గెలిచింది, అంతవరకు ఏ భారతీయ మహిళా అది గెలవలేదు. కొద్ది వారాలకే దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ విజేత స్వెత్లానా కుజ్నెత్సోవాను ఓడించింది, సెప్టెంబరులో యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండుకు చేరింది. 2007 ఆగస్టుకు ఆమె ర్యాంకు 27.

ఈ విద్యకు హద్దులూ ఉన్నాయి. కృష్ణా జిల్లా వుయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని 2016 యూఎస్ ఓపెన్‌కు క్వాలిఫయింగ్ దాటి వచ్చి, తొలి రౌండులో చెక్ ఆటగాడు యిరీ వెసెలీ మీద 2-1 సెట్లతో ముందంజలో ఉండి కూడా, కండరాలు పట్టేయడంతో అయిదో సెట్లో మ్యాచ్ చేజార్చుకున్నాడు. ఆ ఓటమిలోనూ సత్తా కనిపించింది, కానీ సింగిల్స్‌లో దానికి కొనసాగింపు రాలేదు. దగ్గరిదాకా వచ్చిన ఓటమి సత్తాకు సాక్ష్యమే తప్ప, రేపటి గెలుపుకు హామీ కాదు. శరీరం, డ్రాలో పడిన చోటు, కోర్టు ఉపరితలం కూడా కలిసిరావాలి. పారిస్ ఎర్రమట్టి మీద బంతి నెమ్మదించి ఎత్తుకు లేస్తుంది, వింబుల్డన్ పచ్చిక మీద అదే బంతి జారి కిందగా దూసుకొస్తుంది. ఒకచోట భయపెట్టే ఆటగాడు రెండోచోట తొలిరోజే వెనుదిరగవచ్చు.

ఓటముల్ని చదవాలంటే ముందు అవి ఎక్కడో రాసి ఉండాలి. గ్రాండ్‌స్లామ్‌లలో ఓడినవాళ్ల ప్రతి గేమూ నమోదవుతుంది గానీ, జిల్లా స్థాయి పిల్లల పోటీ జరిగిన మరునాడు వార్తలో మిగిలేవి విజేతల పేర్లూ, బహుమతులు ఇచ్చిన పెద్దల పేర్లూ మాత్రమే. టాప్ సీడ్‌ను మూడో సెట్ టైబ్రేక్ దాకా లాక్కెళ్లి ఓడిన పిల్ల పేరు ఎక్కడా ఉండదు. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా ఇకమీదట పోటీలు పెట్టే నిర్వాహకులు, ఆడించే కోచ్‌లు, పంపే తల్లిదండ్రులు ఓడినవాళ్ల స్కోర్లను కూడా తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టాలి.