బొటనవ్రేలిపై మోపిన నేరము

నుడికారముల పుట్టుకలను గూర్చిన కథలు చదువరులకు మిక్కిలి ప్రీతి. జోరున వాన కురిసినపుడు ఆంగ్లేయులు కుక్కలును పిల్లులును కురియుచున్నవందురు. పూర్వము పూరియిండ్ల కప్పులలో దాగిన జంతువులు వానకు జారి క్రింద పడెడివి గనుక ఈ మాట పుట్టినదని కొందఱు వ్రాసిరి. కప్పులోనికి కుక్క యెట్లు దూరెనని వారు ప్రశ్నించుకొనలేదు. ఇట్టివానిని నవ్వి విడిచిపుచ్చవచ్చును. కాని యొక్క కథను మాత్రము అట్లు విడువరాదు. ఏలనన, దానిని సంస్కరణాభిమానులే యెక్కువగా నమ్మి ప్రచారము చేసిరి.

'రూల్ ఆఫ్ థంబ్' అను పలుకుబడికి, శాస్త్రగణనము లేక అనుభవమును బట్టి వేసెడి ఉజ్జాయింపు అని యర్థము. మన యింజనీర్లు దానిని తారుమారు చేసి 'థంబు రూలు' అని తెలుగు మాటలనడుమ వాడుచునే యున్నారు. బొటనవ్రేలికన్న లావు గాని కఱ్ఱతో భర్త భార్యను కొట్టవచ్చునని పూర్వము ఇంగ్లండు శాసనము అనుజ్ఞ యిచ్చెననియు, ఆ నియమమే యీ పలుకుబడి యైనదనియు కథ. విన్నవారి కొడలు మండును. 1982లో అమెరికా పౌరహక్కుల సంఘము, భార్యలను హింసించుటను గూర్చిన తన నివేదికకు ఈ పలుకుబడినే పేరులో చేర్చుకొనెను.

తేదీలు చూచినచో కథ నిలువదు. స్కాట్లండు మతబోధకుడు జేమ్స్ డర్హాము ఉపన్యాసములు 1685లో అచ్చుపడినవి. కొలతలు లేక ఊహతోను బొటనవ్రేలి లెక్కతోను ఇల్లు కట్టెడి తెలివిమాలిన పనివారితో ఆయన కొందఱు క్రైస్తవులను పోల్చినాడు. అందు భార్యయు లేదు, కఱ్ఱయు లేదు. వ్రేలితో కొలుచుట అన్ని దేశముల పనివారికిని అలవాటే. ఫ్రెంచివారికి బొటనవ్రేలికిని అంగుళమునకును ఒకటే మాట. మన అంగుళము, బెత్తెడు, జానెడు మాత్రము చేతినుండి వచ్చినవి కావా?

ఇక కఱ్ఱ సంగతి. ఫ్రాన్సిస్ బుల్లరను న్యాయమూర్తి అట్టి మాట అనెనని 1782లో పుకారు పుట్టినది. అట్టి తీర్పేదియు కానరాదు. జేమ్స్ గిల్‌రే యను చిత్రకారుడు మాత్రము, ఆయనను కఱ్ఱల కట్టలు మోయువానిగా వ్రాసి లోకమును నవ్వించెను. పలుకుబడి అప్పటికే నూఱేండ్ల పాతది. కెల్లీ యను పండితుడు 1994లో ఈ చరిత్రనంతయు విపులముగా శోధించి ప్రకటించినాడు.

ఐన నేమి, ఉద్దేశము మంచిది కదా యని కొందఱందురు. నా కది సమ్మతము గాదు. కథ కల్లయని తేలిననాడు, హింసయు కల్లయే యనుటకు ప్రతిపక్షులకు మనమే త్రోవ చూపినవారమగుదుము. మఱియు కథకన్న చరిత్రయే మనకు గట్టి సాక్ష్యము. 1765లో బ్లాక్‌స్టను తన ధర్మశాస్త్ర వ్యాఖ్యలో, పూర్వశాసనము భర్త భార్యను మితముగా దండించుట కొప్పుకొనెనని స్పష్టముగా వ్రాసెను. వ్రేలి కొలత ఆయన చెప్పలేదు. దండనాధికారమును మాత్రము చెప్పెను.

అంతకన్న చూడదగినవి అమెరికాలోని ఉత్తర కరొలీనా తీర్పులు రెండు. 1868లో ఒకడు అకారణముగా భార్యను బెత్తముతో మూడు దెబ్బలు కొట్టెను. బెత్తము బొటనవ్రేలికన్న సన్నమని క్రింది న్యాయాధిపతి వానిని విడిచిపెట్టెను. పై న్యాయస్థానము బెత్తపు లావు లెక్కకు రాదనెను. అనియు, స్వల్పమైన దెబ్బలను శిక్షించుటకై కాపురముపైని తెర నెత్తుట అంతకన్న పెద్ద కీడని చెప్పి, వానిని విడిచియే పెట్టినది. 1874లో అదే న్యాయస్థానము, ఎట్టి పరిస్థితులయందును భార్యను దండించు హక్కు భర్తకు లేదని చెప్పి అపరాధికి వేసిన శిక్షను నిలిపినది. ఆ వెంటనే, శాశ్వతమైన గాయము గాని, క్రౌర్యము గాని లేనియెడల తెర దించి, లోకుల చూపు సోకకుండ దంపతులనే మఱచి క్షమించుకొననిచ్చుట మేలని చేర్చినది. 'రూల్ ఆఫ్ థంబ్' అను మాట ఆ రెండింటిలోను లేదు. తెర మాత్రము రెండింటిలోను కలదు.